మామిడి గుజ్జు స్ప్రే డ్రయ్యర్‌లో పోస్తే పొడి రాలేదు, పాకం వచ్చింది

బంగారుపాళ్యం బాబు
3 జూలై 2025, ఉదయం 6:50

నమస్కారం అండీ. చిత్తూరు జిల్లాలో ఆరెకరాల తోతాపురి తోట మాది. ఈసారి కాయ ధర ఏమైందో పేపర్లలో చూసే ఉంటారు. ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4, కలిపి కిలోకు 12 అన్నారు. ఆ 12 చేతికొచ్చే సంగతి తర్వాత, ముందు కాయ దించుకునే నాథుడు ఉండాలి కదా. ఒక గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ మీదే రెండు రాత్రులు పడుకున్నాను. అడుగున ఉన్న కాయ మెత్తబడి రసం కారుతుంటే, దీన్ని తొందరలేని సరుకుగా మార్చుకోలేమా అని బుర్రలో పురుగు తొలిచింది. పాలపొడి ఉంది, కాఫీపొడి ఉంది, మామిడిపండు పొడి ఎందుకుండకూడదు?

యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూశాను. ఒక కాలేజీలో చిన్న స్ప్రే డ్రయ్యర్ (గుజ్జును సన్నటి చుక్కలుగా చిమ్మి వేడి గాలిలో ఆరబెట్టే మెషీన్) అద్దెకిస్తారంటే 10 కిలోల గుజ్జు పట్టుకెళ్లాను. ఇంట్లో తీసి, పాత పంచెలో వడగట్టిన గుజ్జు. ఏమీ కలపకుండా స్వచ్ఛంగా చేయాలని నా పట్టుదల. అక్కడి ఆపరేటర్ "ఏమీ కలపరా సార్?" అని రెండుసార్లు అడిగాడు. వినలేదు. లోపలికి వెళ్లే గాలి 180 డిగ్రీలు, బయటికొచ్చే గాలి 95.

నాజిల్ మూడుసార్లు మూసుకుపోయింది. పొద్దుగూకేసరికి సీసాలో పడింది 90 గ్రాములు. మిగతాదంతా ఛాంబర్ గోడలకు తేనె రంగులో పూత పట్టేసింది. కడగడానికి వేడినీళ్లతో గంటన్నర. ఆ 90 గ్రాములు జిప్ కవర్లో వేసుకుని బస్సెక్కితే ఇల్లు చేరేసరికి ఒకటే ముద్ద. మా అమ్మ తుంచి నోట్లో వేసుకుని "బాగుందిరా, జీళ్ల మాదిరి ఉంది" అంది.

ఎక్కడ తప్పు చేశాను? వేడి ఇంకా పెంచాలా?

లేబుల్ చదివేవాడు
3 జూలై, ఉదయం 8:15

పొడి రాలేదంటే కల్తీ లేదనే కదా. జీళ్లుగానే అమ్మెయ్యండి.

పొడిగాలి
3 జూలై, మధ్యాహ్నం 1:30

బాబు గారూ, వేడి పెంచకండి. పెంచితే ఆ 90 గ్రాములు కూడా రావు.

నేను 18 ఏళ్లు పొడి లైన్ల మీద పనిచేశాను. మొదట పాలపొడి, తర్వాత టమాటా, చింతపండు. ప్రతి కొత్త కుర్రాడూ ఇదే అనుకుంటాడు, అతుక్కుంటోందంటే తడి మిగిలిందని. నిజానికి మీ గోడకు అతుక్కున్నది తడి గుజ్జు కాదు, ఆరిన చక్కెర.

ఇంట్లో పాకం పట్టడం చూసే ఉంటారు. తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం. పప్పుచెక్క చేసేటప్పుడు ముదురుపాకం పొయ్యి మీద ఉండగా గరిటెకు సాగుతూనే ఉంటుంది. పళ్లెంలో పోసి చల్లారాకే ఫట్‌మని విరుగుతుంది. అంటే నీళ్లు పోవడం ఒక్కటే చాలదు, చల్లారాలి కూడా. స్ప్రే డ్రయ్యర్‌లో ప్రతి చుక్కా రెండు మూడు పదుల సెకన్లలోపే తీగపాకం నుంచి ముదురుపాకం దాకా ప్రయాణం చేస్తుంది. కానీ చల్లారే వీలు లేకుండా వేడి గాలిలోనే గోడను తాకుతుంది. ఇక అతుక్కోక ఏం చేస్తుంది?

ఏ వేడి దగ్గర పాకం విరిగే గాజులా ఉంటుంది, ఏ వేడి దాటితే సాగుతుంది అన్నదానికి ఒక్కో చక్కెరకు ఒక్కో హద్దు ఉంది. దాన్ని గాజు ఉష్ణోగ్రత అంటాం. బొత్తిగా నీరు లేని స్థితిలో సుక్రోజ్‌కు దాదాపు 62 డిగ్రీలు, గ్లూకోజ్‌కు 31, ఫ్రక్టోజ్‌కు దాదాపు 5 డిగ్రీలే. మామిడిపండులో ఉన్నవి ఈ మూడే. నిమ్మ ఉప్పు హద్దు కూడా ఫ్రక్టోజ్ పక్కనే. పైగా పొడిలో రెండు మూడు శాతం తేమ మిగిలినా ఆ హద్దులు ఇంకా కిందికి జారతాయి. ఆ హద్దు మీద ఇంకో 10, 20 డిగ్రీలు దాటిందంటే రేణువు బంకే. మీ గాలి బయటికొచ్చేది 95. మీ పొడి హద్దు మన ఊళ్ల ఎండ కంటే తక్కువ. బస్సులో ముద్దవ్వడంలో వింతేముంది?

పీచుమిఠాయి గుర్తుందా? అదీ గాజు చక్కెరే. తిరనాళ్లలో చినుకు పడిందంటే పుల్లకు అంటుకుపోతుంది. మీరు చేసింది మామిడి పీచుమిఠాయి.

బంగారుపాళ్యం బాబు
3 జూలై, సాయంత్రం 5:05

సార్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఒక్క డౌట్. పాలలోనూ చక్కెర ఉంటుంది కదా, పాలపొడి ఎలా వస్తోంది?

ఆక్లాండ్ అబ్బాయి
3 జూలై, రాత్రి 9:40

నేను న్యూజిలాండ్‌లో పాలపొడి ప్లాంట్‌లోనే చేస్తాను, సొంతూరు తెనాలి. పాలలో ఉండే చక్కెర లాక్టోజ్, దాని హద్దు 101 డిగ్రీల చుట్టుపక్కల. పైగా పాలలో ప్రోటీన్ ఉంది, అది చుక్క పైన పొరలా తొందరగా ఆరి లోపలి జిగురును దాచేస్తుంది. మామిడికి ఆ రెండూ లేవు.

అలాగని పాలపొడి కూడా చేతిలో పెట్టినట్టు రాలేదండోయ్. ద్రవాలను చుక్కలుగా చిమ్మి ఆరబెట్టొచ్చని అమెరికాలో శామ్యూల్ పెర్సీ 1872లోనే పేటెంట్ తీసుకున్నాడు. మన దగ్గరికి వచ్చేసరికి, కొవ్వు ఎక్కువ కాబట్టి గేదె పాలను పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు అన్నారు. గుజరాత్‌లోని ఆనంద్‌లో అమూల్ డెయిరీ నిపుణుడు దలాయా గారు చేసి చూపించారు, 1955లో ఫ్యాక్టరీ నడిచింది. కాబట్టి బాబు గారూ, కుదరదంటే నమ్మెయ్యకండి. కానీ ఆయన గేదె పాలను ఆవు పాలని చెప్పి అమ్మలేదు, అది గుర్తు పెట్టుకోండి :)

కుంపటి అత్తయ్య
4 జూలై, ఉదయం 10:20

నాకు ఇంజనీరింగ్ తెలీదు బాబూ. మాది ఆత్రేయపురం దగ్గర. ముప్పై ఏళ్లుగా చాప మీద తాండ్ర పోస్తున్నాం. ఒకసారి మా కోడలు పొడి చేద్దామని తాండ్ర ముక్కలు మిక్సీలో వేసింది. బ్లేడు ఆగిపోయి కాలిన వాసన వచ్చింది. మిక్సీ రిపేరుకు 400 అయ్యాయి.

కానీ పచ్చిమామిడి ఒరుగులు చూడు, ఎండితే రోట్లో వేసి దంచినా మెత్తగా పొడి అయిపోతాయి. పప్పులో, పులుసులో వేసుకుంటాం, ఏడాది ఉంటాయి. అదే చెట్టు, అదే కాయ. పండితే మాత్రం మొండికేస్తుంది. ఇదేం చిత్రం?

ల్యాబ్ కోటు
4 జూలై, ఉదయం 11:45

అత్తయ్యా, మీ ప్రశ్నలోనే మా సిలబస్ సగం ఉంది! పచ్చికాయలో పిండిపదార్థం ఉంటుంది. పిండిది పొడవాటి గొలుసు, దాని గాజు హద్దు చాలా ఎక్కువ, అందుకే దంచితే రాలుతుంది. పండేటప్పుడు ఆ గొలుసులు తెగి పొట్టి చక్కెరలవుతాయి. రుచి వస్తుంది, పొడి గుణం పోతుంది.

ఇప్పుడు బాబు గారికి. పోయిన పిండి గుణాన్ని మనం బయటి నుంచి తిరిగి ఇవ్వాలి. అందరూ వాడేది మాల్టోడెక్స్‌ట్రిన్. మొక్కజొన్న లేదా కర్రపెండలం పిండిని కొద్దిగా విరగ్గొట్టి చేసిన తెల్లటి పొడి, తీపి దాదాపు ఉండదు. దాన్ని ఎంత విరగ్గొట్టారో చెప్పే అంకె డీఈ. డీఈ 5 రకానికి గాజు హద్దు దాదాపు 188 డిగ్రీలు, 10కి 160, 20కి 141. అంకె తగ్గేకొద్దీ జిగురు తగ్గుతుంది కానీ ద్రావణం చిక్కబడుతుంది. పండ్ల గుజ్జుకు 10 చుట్టుపక్కల రకం అడగండి.

ఎంత కలపాలి అంటే, గుజ్జులోని ఘనపదార్థానికి సమానంగా మొదలుపెట్టండి. తోతాపురి గుజ్జు 15 శాతం ఘనపదార్థం అనుకుంటే, 100 కిలోల గుజ్జుకు 15 కిలోల మాల్టోడెక్స్‌ట్రిన్. గాలి లోపలికి 150 నుంచి 160, బయటికి 80 చుట్టూ.

మీ నాజిల్ మూసుకుపోవడానికి కారణం పీచు. పంచెలో వడగడితే చాలదు, అర మిల్లీమీటరు జల్లెడ దాటించాలి. గుజ్జును 45, 50 డిగ్రీల దగ్గర పెక్టినేజ్ ఎంజైమ్‌తో గంట ఉంచితే పలచబడుతుంది. పలచబడాలని నీళ్లు మాత్రం పోయకండి, పోసిన ప్రతి లీటరునూ మళ్లీ మీ డబ్బుతోనే ఆవిరి చేయాలి.

ఇంకో దారి ప్రోటీన్. పాలవిరుగుడు ప్రోటీన్ చాలా కొద్దిగా కలిపినా, ఆక్లాండ్ అన్న చెప్పిన పొర ఇక్కడా వస్తుంది. అప్పుడు మాల్టోడెక్స్‌ట్రిన్ తగ్గించుకోవచ్చు. కానీ లేబుల్ మీద పాల పదార్థం ఉందని రాయాలి, అలర్జీ ఉన్నవాళ్ల కోసం.

లేబుల్ చదివేవాడు
4 జూలై, మధ్యాహ్నం 2:10

ఆగండాగండి. 15 కిలోల మామిడి, 15 కిలోల పిండి. అంటే డబ్బాలో సగం మామిడి, సగం మొక్కజొన్న. దాని మీద పెద్ద మామిడిపండు బొమ్మ వేసి, "పోషకాల గని" అని రాసి అమ్ముతారు. అంతేనా?

నేను సూపర్ మార్కెట్లో మామిడి పొడి ప్యాకెట్ తిప్పి చూశాను. మొదటి పదార్థం మామిడి కాదు, మాల్టోడెక్స్‌ట్రిన్. పదార్థాలు ఎక్కువ బరువు నుంచి తక్కువకు వరసగా రాయాలి కాబట్టి ముందున్నదే ఎక్కువ. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ (రక్తంలో చక్కెరను ఎంత తొందరగా పెంచుతుందో చెప్పే అంకె) గ్లూకోజ్‌కు దగ్గర్లో ఉంటుంది. షుగర్ ఉన్న మా నాన్నకు ఇలాంటిదే "పండు పొడి, మంచిది" అని ఎవరో ఇచ్చారు. అందుకే నాకు మంట.

ల్యాబ్ కోటు
4 జూలై, మధ్యాహ్నం 3:30

మీ మంట న్యాయమే సార్, నేను తప్పించుకోను. లెక్కే వేద్దాం.

సగం సగం పొడి 10 గ్రాములు, అంటే పెద్ద చెంచాడు. అందులో మామిడి ఘనపదార్థం 5 గ్రాములు. అది దాదాపు 33 గ్రాముల గుజ్జుతో సమానం, అంటే రెండు మూడు ముక్కలు. తాజా మామిడిలో 100 గ్రాములకు సి విటమిన్ దాదాపు 36 మిల్లీగ్రాములు. ఏమీ నష్టపోలేదనుకున్నా చెంచాలో 12. నిజంగా అంత ఉండదు, గుజ్జు తీసేటప్పుడూ వేడి చేసేటప్పుడూ కొంత, నిలవలో కొంత పోతుంది.

పసుపు రంగునిచ్చే బీటా కెరోటిన్‌కు వేడి కంటే ఆక్సిజన్ పెద్ద శత్రువు. గుజ్జు ముద్దగా ఉన్నప్పుడు గాలి తగిలేది పైపైనే. పొడి చేశాక ప్రతి రేణువుకూ గాలి తగులుతుంది. మాల్టోడెక్స్‌ట్రిన్ పొర కొంత అడ్డుకుంటుంది. మంచి ప్యాకింగ్ లేకపోతే మూడు నెలల్లో రంగు వెలిసిపోవడం మా ల్యాబ్‌లోనే చూశాను.

కాబట్టి నా మాట: ఇది రుచికి, రంగుకు, నిలవకు మంచి పొడి. పండుకు బదులు కాదు. పోషకాలే ముఖ్యమైతే జామ ఎంచుకోండి. మామిడికి ఆరు రెట్ల దాకా సి విటమిన్ దాంట్లో ఉంది, తగ్గినా మిగులుతుంది. నా ప్రాజెక్టు కూడా జామ మీదే, అందుకని కాస్త పక్షపాతం ఉండొచ్చు.

బంగారుపాళ్యం బాబు
4 జూలై, సాయంత్రం 6:00

మేడమ్, జామ మంచిదే. కానీ నా తోటలో ఉన్నది తోతాపురి.

ల్యాబ్ కోటు
4 జూలై, సాయంత్రం 6:12

:) ఒప్పుకున్నాను.

కుంపటి అత్తయ్య
5 జూలై, ఉదయం 7:30

మా మనవడికి ఎనిమిది నెలలు. పళ్లు తినే వయసు కాదు కదా, ఈ పొడి పాలల్లో కలిపి పట్టొచ్చా?

ల్యాబ్ కోటు
5 జూలై, ఉదయం 8:05

వద్దు అత్తయ్యా. పసిపిల్లల ఆహారానికి నియమాలే వేరు, ఇలాంటి పొడి వాళ్ల కోసం చేసింది కాదు. ఎనిమిది నెలలకు పండిన మామిడినే మెత్తగా చిదిమి రెండు చెంచాలు పెట్టొచ్చు. పీచు లేని బంగినపల్లి అయితే హాయి.

కుంపటి అత్తయ్య
5 జూలై, ఉదయం 8:20

మా కోడలు మాట్లాడేది అచ్చం నీలాగే. సరే.

పాలమూరు సీతాఫలం
5 జూలై, మధ్యాహ్నం 12:40

అన్నలూ, మధ్యలో దూరుతున్న, ఏమనుకోకండి. మాది మహబూబ్‌నగర్ దిక్కు. మా దగ్గర సీతాఫలం గుట్టల మీద కుప్పలుగ కాస్తది. దసరా, దీపావళి అటుఇటుగ రెండు నెలలే. కోసిన మూడోరోజుకు పగిలిపోతది. ఇదే పద్ధతిల దాన్ని పొడి చేయొచ్చా? ఐస్‌క్రీమోళ్లు గుజ్జును గడ్డకట్టిచ్చి కొంటున్నరు గానీ, ఫ్రీజర్ కరెంటు మోయలేకపోతున్నం.

పొడిగాలి
5 జూలై, మధ్యాహ్నం 3:15

తమ్ముడూ, సీతాఫలం గుజ్జు వేడి తగిలితే చేదెక్కుతుంది. ఇంట్లో సీతాఫలం పాయసం చేసేవాళ్లు పొయ్యి దించి, చల్లారాకే గుజ్జు కలుపుతారు చూడు, అందుకే. దానికి తోడు గింజ నుంచి వేరు చేయగానే నల్లబడుతుంది, ఇసుకలా తగిలే పలుకులు నాజిల్‌ను తినేస్తాయి. స్ప్రే డ్రయ్యర్‌లో చుక్క తడిగా ఉన్నంతసేపు 50 డిగ్రీల లోపే ఉంటుంది, అది నిజమే. కానీ చివర్లో బయటి గాలి వేడికి దగ్గరవుతుంది. నేను ఒకసారి ప్రయత్నించాను. రంగు బాగుంది, రుచి మాత్రం వేపాకు చుట్టం.

దానికి ఫ్రీజ్ డ్రయింగే సరి. గడ్డకట్టించి, వాక్యూమ్‌లో మంచును నేరుగా ఆవిరి చేస్తారు. రుచి, వాసన నిలుస్తాయి. ఖర్చు చూస్తే మాత్రం ఫ్రీజర్ కరెంటే నయమనిపిస్తుంది. గింజలు గ్రైండర్‌లో పడకుండా చూసుకో, అవి విషం, కంట్లో పడితే ప్రమాదం.

పాలమూరు సీతాఫలం
5 జూలై, సాయంత్రం 4:00

మంచిదన్నా. పది లక్షలు మిగిలిచ్చినవ్ నాకు.

లెక్కల మాస్టారు
6 జూలై, ఉదయం 9:00

బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. "మామిడి పొడి యూనిట్" అని మూడు ప్రాజెక్ట్ రిపోర్టులు నా బల్ల మీదికి వచ్చాయి. మూడింటిలోనూ 100 కిలోల గుజ్జు పోస్తే 30 కిలోల పొడి అని రాసి ఉంది. గోడకు అతుక్కునేది ఎవరూ రాయలేదు. బాబూ, నీ కాగితం మీద నువ్వు రాసుకో.

100 కిలోల గుజ్జుకు దాదాపు 180 కిలోల కాయ కావాలి. టెంక, తొక్క పోగా తోతాపురిలో సగానికి కాస్త పైనే గుజ్జు. అందులో 15 కిలోల ఘనం, కలిపేది 15, తేమతో కలిపి 31 కిలోలు రావాలి. చిన్న మెషీన్‌లో 60 శాతం చేతికొస్తే గొప్ప. అంటే 18 కిలోలు. కిలో పొడికి 10 కిలోల కాయ అన్నమాట. కాయ 8 రూపాయలు వేసుకుంటే 80.

ఇక వేడి. 85 లీటర్ల నీళ్లు ఆవిరి చేయాలి. లీటరు నీరు ఆవిరవడానికి 0.63 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి కావాలి, అది ప్రకృతి నియమం, తగ్గించలేం. డ్రయ్యర్‌లో సగం వేడి పొగగొట్టంలో పోతుంది, కాబట్టి 1.25 వేసుకో. 106 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే కిలో పొడికి 47. దానికి మాల్టోడెక్స్‌ట్రిన్ 800 గ్రాములు, ఎంజైమ్, ప్యాకింగ్, కూలి, కడిగే నీళ్లు, మెషీన్ వడ్డీ. మెషీన్ వడ్డీ అనే మాట చివర్లో పెట్టాను కానీ అదే అన్నిటికన్నా బరువు. కాయ సీజన్ రెండు నెలలు, వడ్డీ సీజన్ పన్నెండు నెలలు.

పీఎంఎఫ్‌ఎంఈ (చిన్న ఆహార యూనిట్లకు కేంద్ర పథకం) కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ ఉంది. సబ్సిడీ ఉందని మెషీన్ కొనకు. ముందు మెషీన్ ఉన్నవాళ్లకు జాబ్‌వర్క్‌కు, అంటే కూలికి ఇచ్చి చేయించు. కొనేవాడు దొరికాక మెషీన్ సంగతి.

లేబుల్ చదివేవాడు
6 జూలై, ఉదయం 9:45

మాస్టారూ, మీరు చెప్పింది ఫ్రేమ్ కట్టించి పెట్టుకోవాలి.

బాబు గారూ, మీ మీద కోపం లేదు. ఒక్కటే కోరిక. ప్యాకెట్ ముందువైపే, పెద్ద అక్షరాల్లో "మామిడి 50 శాతం" అని రాయండి. 2024 జూన్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, కాన్సన్‌ట్రేట్‌కు (చిక్కబరిచిన రసానికి) నీళ్లు కలిపి చేసిన జ్యూస్ మీద "100 శాతం పండ్ల రసం" అనే మాట తీసేయమంది. పొడి వాళ్లు కూడా అదే దారిలో ఇరుక్కోకూడదు కదా.

ఆక్లాండ్ అబ్బాయి
6 జూలై, మధ్యాహ్నం 1:20

మాస్టారి లెక్కకు ఒక చేర్పు. పాల ప్లాంట్‌లో మేం నేరుగా పాలను డ్రయ్యర్‌కు పంపం. ముందు వాక్యూమ్ ఇవాపరేటర్లలో 50 శాతం ఘనం దాకా చిక్కబరుస్తాం, అక్కడ ఒక ఆవిరి వేడినే రెండు మూడుసార్లు వాడుకుంటాం కాబట్టి చవక. మీ జిల్లా ఫ్యాక్టరీల్లో 28 బ్రిక్స్ (అంటే దాదాపు 28 శాతం ఘనం) కాన్సన్‌ట్రేట్ దొరుకుతుంది కదా, దానితో మొదలుపెడితే సగం నీళ్లు ముందే పోయినట్టు. కాకపోతే చిక్కగా ఉంటుంది, ఎంజైమ్ పట్టించక తప్పదు.

పొడిగాలి
6 జూలై, రాత్రి 8:30

భద్రత మాట ఎవరూ ఎత్తలేదు, నేనే చెబుతాను. సన్నటి పొడి గాలిలో రేగి ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు, పేలుతుంది. పిండి మిల్లులో, చక్కెర ఫ్యాక్టరీలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. గోడకు పట్టిన పూత గంటల తరబడి వేడికి మాగి, లోపల్లోపల కాలుతూ ఉంటుంది. మాడిన వాసన వస్తే వెంటనే వేడి ఆపాలి. ప్రతి లోహపు భాగానికీ ఎర్తింగ్ ఉండాలి. నా ఎడమ మోచేతి మీద మచ్చ ఒక పాత ప్లాంట్ జ్ఞాపకం, ఇంతకంటే రాయను.

ప్యాకింగ్: సైక్లోన్ (గాలి నుంచి పొడిని వేరు చేసే భాగం) కింద సీసాలో పడిన పొడిని వేడిగా ఉండగా మూత పెట్టకండి, అలాగని ఫ్యాను కిందా ఆరబెట్టకండి. ఏసీ వేసి, తేమ తగ్గించిన గదిలో చల్లార్చి, అల్యూమినియం పొర ఉన్న పౌచ్‌లో వెంటనే సీల్ చేయండి. పొడిలో తేమ 4 శాతం లోపు. పెద్ద డబ్బా వద్దు, ఒకసారి తెరిస్తే అయిపోయే ప్యాకెట్లు చాలు. వానాకాలంలో బెల్లం ఎలా చెమ్మగిల్లుతుందో మీ పొడి అంతకన్నా తొందరగా చెమ్మగిల్లుతుంది.

బంగారుపాళ్యం బాబు
12 అక్టోబర్ 2025, రాత్రి 9:15

అందరికీ మళ్లీ నమస్కారం. ఇన్నాళ్లూ రాయలేదు, చేసి చూపించాకే రాద్దామని.

మాస్టారి మాట విని మెషీన్ కొనలేదు. పొరుగు రాష్ట్రంలో ఒక జాబ్‌వర్క్ యూనిట్‌లో 100 కిలోల గుజ్జు చేయించాను. అర మిల్లీమీటరు జల్లెడ, గంట ఎంజైమ్, మాల్టోడెక్స్‌ట్రిన్ 15 కిలోలు. లోపలికి 160, బయటికి 80. చేతికి వచ్చింది 17 కిలోలు. మాస్టారు 18 అన్నారు, కిలో తేడాతో పాసయ్యాను.

మొండితనం పోలేదు కాబట్టి రెండో విడతలో మాల్టోడెక్స్‌ట్రిన్ 10 కిలోలకు తగ్గించాను. గోడ మళ్లీ పసుపెక్కింది, 9 కిలోలే వచ్చాయి. ఆపరేటర్ ఈసారి ఏమీ అడగలేదు, ముందే వేడినీళ్లు పెట్టుకున్నాడు.

రంగు లేత పసుపు. వాసన, నిజం చెప్పాలంటే, తాజా గుజ్జులో మూడోవంతు కూడా లేదు. పొడిగాలి సార్‌కు ఫోటో పంపితే, నీళ్లతోపాటే వాసనా ఆవిరవుతుందని చెప్పారు. పాలల్లో కలిపితే మాత్రం రుచి బయటికొస్తుంది. తిరుపతిలో ఒక లస్సీ షాపాయన రుచి చూసి, "సీజన్ లేనప్పుడు నెలకు 5 కిలోలు తీసుకుంటా, ఎంత శాతం మామిడో నాకు అనవసరం, గడ్డ కట్టకూడదు" అన్నాడు. ప్యాకెట్ మీద "మామిడి 50 శాతం" అని ముందువైపే రాశాను. అది చూసి ఇద్దరు కొనలేదు. లేబుల్ సార్, ఆ ఇద్దరి లెక్క మీ ఖాతాలో.

లేబుల్ చదివేవాడు
12 అక్టోబర్, రాత్రి 9:40

రాసుకోండి. నాకు రెండు కిలోలు పంపండి, డబ్బులు ముందే వేస్తాను. నాన్నకు కాదు, నాకు.

లెక్కల మాస్టారు
13 అక్టోబర్, ఉదయం 6:30

నెలకు 5 కిలోలంటే ఏడాదికి 60. అది యూనిట్ కాదు బాబూ, అలవాటు. ఇంకో పదిమంది లస్సీవాళ్లు దొరికాక రా, కాగితం రాద్దాం. ఈలోపు మిగతా కాయ సంగతేంటి?

బంగారుపాళ్యం బాబు
13 అక్టోబర్, ఉదయం 7:10

మిగతాదంతా ఫ్యాక్టరీకే పోసాను మాస్టారూ, ఇంకేం చేస్తాను. వచ్చే ఏడు ఒక ఎకరా కాయ తాండ్రకు వేద్దామని ఉంది. అత్తయ్య ఒప్పుకుంటే మే నెలలో ఆత్రేయపురం వచ్చి చాప మీద పోయడం నేర్చుకుంటాను.

ఇంకో సమస్య. 9 కిలోల విడతలో నాలుగు పౌచ్‌లకు సీల్ సరిగా పడలేదు. మొన్నటి వానలకు రాయిలా గట్టిపడ్డాయి. దంచితే మళ్లీ అంటుకుంటోంది. పారేయాలా?

కుంపటి అత్తయ్య
13 అక్టోబర్, ఉదయం 8:00

పారేయకు. బూజు పట్టలేదు కదా? వాసన చూడు. బాగుంటే గోరువెచ్చని పాలల్లో కాసేపు నానబెట్టి, కోవాలో వేసి దగ్గరగా తిప్పు. పంచదార వేయక్కర్లేదు. మే మొదటి వారంలో రా, అప్పటికి చాపలు దించుతాం. పాత పంచె మాత్రం తేకు.